మళ్లీ లారీ కొందామా, పెద్దమ్మా?

పోయిన ఆదివారం మా మరిది కొడుకు ఇంటికొచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు. టీ తాగాడు, మా మనవరాలిని కాసేపు ఎత్తుకు తిప్పాడు, మెషీను పక్కన గుట్టగా పేర్చిన ప్యాంట్ల మీద చతికిలబడ్డాడు. (అవి ఇస్త్రీ చేసినవిరా అని ఎన్నిసార్లు చెప్పినా అంతే!) కాసేపు అదీ ఇదీ మాట్లాడి ఆఖరికి అసలు సంగతికొచ్చాడు.

"పెద్దమ్మా, సెకండ్ హ్యాండ్ టిప్పర్ ఒకటి బేరానికొచ్చింది. గనులు మళ్లీ జోరుగా నడుస్తాండాయి. మార్జిన్ డబ్బు కొంచెం తక్కువ పడతాంది. నీ గాజులిస్తే కుదువ పెట్టుకుంటా. వడ్డీ నేనే కడతా. ఏడాదిలో విడిపించి నీ చేతికి నేనే తొడుగుతా."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే, ఇదే మాట, ఇంచుమించు ఇదే గొంతుతో 2007లో వాళ్ల నాన్న నన్ను అడిగాడు. అప్పుడు నేను రెండో ఆలోచన లేకుండా తీసి ఇచ్చేశాను.

"వచ్చే ఆదివారం రా నాయనా, చెప్తా" అని పంపించాను. ఈ వారమంతా కాజాలు కుడుతూ, కూర తరుగుతూ ఒకటే లెక్క. నాలాగే ‘ఇవ్వాలా, వద్దా’ అని గాజులు తడుముకునే ఆడవాళ్లు గనుల ఊళ్లలో ఇంకా ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

బళ్లారి అంటే జీన్స్!

మాది బళ్లారి. నేను పుట్టింది మాత్రం రాయదుర్గం. ఇప్పుడంటే మధ్యలో రాష్ట్రాల హద్దు ఉంది గానీ 1953 దాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలోదే. ఆ ఏడాది రాయదుర్గం, ఆలూరు, ఆదోని ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. అందుకే మా వీధిలో సగం మంది తెలుగు, సగం మంది కన్నడం. పోట్లాటొస్తే మాత్రం రెండూ కలిపి వాడతాం.

బళ్లారి పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ ఇనుప గనులే గుర్తొస్తాయి. నేను కోడలిగా వచ్చిన 1992లో మాత్రం బళ్లారి అంటే జీన్స్ ప్యాంట్లు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలనుకోకండి. ఇంటి ముందు గదిలో, మిద్దె మీద రేకుల షెడ్డులో, సందు చివర కొట్టులో పని. ఒకచోట కటింగ్, ఇంకోచోట కుట్టు, మరోచోట కాజాలు, బటన్లు, ఆపైన ఉతుకు, ఇస్త్రీ. కుట్టు పూర్తయిన ప్యాంటుకి వేలాడే దారాలు కత్తిరించడం పూర్తిగా ఆడవాళ్ల పనే. వంటయ్యాక, పిల్లలు బడికి పోయాక, గడప దగ్గర కూర్చుని చేసుకునే పని. పీసుకింతని కూలి. ఎక్కువేం రాదు. కానీ ఆ డబ్బు మొగుడి చేతుల్లోంచి కాక నేరుగా మన చేతికొస్తుంది. ఆ తేడా ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

మా ఆయన కటింగ్ మాస్టరు. పెళ్లయినప్పుడు మాకు రెండు మెషీన్లు, 2002 నాటికి ఎనిమిది. నలుగురు టైలర్లు, ఇద్దరు హెల్పర్లు, దారాలు కత్తిరించడానికి వీధిలో పది పన్నెండిళ్లు. ఆ పదిళ్ల లెక్క పుస్తకం నాదే.

చెత్తగుట్టకి రేటొచ్చింది

సండూరు కొండల్లో ఇనుప గనులు కొత్తవేమీ కావు. దోణిమలైలో ఎన్‌ఎండీసీ గని 1970ల నుంచీ ఉంది. కానీ అప్పట్లో గిరాకీ అంతా గడ్డలకే, ‘లంప్స్’ అంటారు. జల్లెడలోంచి జారిపోయే సన్నపొడి, అంటే ‘ఫైన్స్’, చాలావరకూ గనుల పక్కన గుట్టలు పోసి వదిలేసేవాళ్లు. 2003 ప్రాంతాల్లో చైనా ఉక్కు ఫ్యాక్టరీలు ఆ పొడిని కొనడం మొదలుపెట్టాయి. వాళ్లకి వంతెనలు కావాలి, మేడలు కావాలి, 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌కి స్టేడియాలు కావాలి. నిన్నటిదాకా చెత్త అనుకున్నది రాత్రికి రాత్రి సరుకైపోయింది. 2000 సంవత్సరం ప్రాంతంలో టన్ను ఇరవై డాలర్లు కూడా పలకని ఖనిజం 2008 ఆరంభంలో చైనా రేవులో రెండొందల డాలర్ల దరిదాపుల్లోకి పోయింది. ఇంత జరుగుతున్నా 2009 ఆగస్టు దాకా ప్రభుత్వానికి కట్టే రాయల్టీ టన్నుకి 27 రూపాయలు మించలేదు. మిగతా డబ్బంతా ఎక్కడికి పోయిందనేది మీరు పేపర్లలో చదివిందే, నేను మళ్లీ చెప్పను.

నేను చూసింది చెప్తాను. 2003లో కర్ణాటక ప్రభుత్వం అంతవరకూ పక్కన పెట్టి ఉంచిన భూముల్ని ప్రైవేటు గనులకి తెరిచింది. దాంతో పాటు రైతుల పట్టా పొలాల్లోనూ తవ్వకాలు మొదలయ్యాయి. హోస్పేట, సండూరు వైపు పొలాల్లో నాలుగైదడుగులు తవ్వితే కొండల నుంచి కొట్టుకొచ్చిన ఖనిజం దొరుకుతుంది. జొన్న వేసే చేను లీజుకిస్తే పదేళ్ల పంట డబ్బు ఒక్కసారి చేతికొచ్చేది. పైమన్ను పోయాక ఆ చేలో మళ్లీ జొన్న మొలవదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రోజులు కావవి.

ఆ పొలాల్లో రాళ్లు కొట్టిందీ, జల్లించిందీ ఎవరనుకుంటున్నారు? ఆడవాళ్లు, పిల్లలు. మా దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న లంబాడీ అక్కది సండూరు దగ్గర తండా. ఆమె మాటల్లోనే చెప్తాను. "పొద్దున్నే సుత్తి, గంప తీసుకోని పోతాంటిమి. పెద్ద రాళ్లు పగలగొట్టేది, జల్లెడ పట్టేది, గంపలు మోసేది. నా పిల్లది గూడా నాతోనే వచ్చి రాళ్లేరింది. దానికప్పుడు తొమ్మిదేండ్లు. బడి? బడి యాడికమ్మా, మేమందరం పనికి పోతే ఇంట్ల వంటకి ఎవురుండారు? రెండేండ్లయినాక పెద్ద మిషన్లొచ్చినాయి. నూర్మంది చేసే పని మిషను పొద్దుగుంకకముందే చేసె. మమ్మల్ని రావద్దనిరి. మిషను మీద కూసున్నోడు మగోడు, లారీ తోలేటోడు మగోడు, కాంటా కాడ కాయితాలు రాసేటోడు గూడా మగోడే."

ఎగుమతి ఎంత పెరిగితే గనిలో ఆడవాళ్లకి పని అంత తగ్గిందన్నమాట! చట్టం కూడా అలాగే ఉండేది. 1952 నాటి గనుల చట్టం ప్రకారం భూమి లోపలి గనుల్లో ఆడవాళ్లు పనిచేయకూడదు, పైన కూడా ఉదయం ఆరు నుంచి రాత్రి ఏడు లోపే చేయాలి. ఆ నిబంధన సడలించింది 2019లో. అప్పటికి మా ఊళ్లో సందడంతా అయిపోయింది.

ఊరు ఖరీదైపోయింది

ఇక మా ఊరి సంగతి. మొదట కనబడింది దుమ్ము. రోడ్డు వెంబడి ఎర్ర లారీలు, రాత్రీ పగలూ. కొన్ని పడమటగా బెళెకేరి రేవుకి, కొన్ని తూర్పున కృష్ణపట్నం, చెన్నై వైపు. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి కాషాయం. రోడ్డు పక్కిళ్లవాళ్లు బట్టలు ఇంట్లోనే ఆరేసుకునేవాళ్లు. పిల్లలకి దగ్గు.

తర్వాత అద్దెలు. మా అత్తమ్మ ముందుగది ఏడొందలకి ఒక మేస్టారికి అద్దెకిచ్చి ఉండేది. 2005లో ఖనిజం బ్రోకరొకాయన వచ్చి మూడు వేలిస్తానన్నాడు. మేస్టారు పెట్టె సర్దుకున్నారు. అత్తమ్మని తప్పు పట్టలేను, ఆ అద్దెతోనే మా అమ్మాయి డిప్లొమా చదివింది. ఆ రోజుల్లో మంచి ఏమీ జరగలేదని నేను అబద్ధం చెప్పను. హోటళ్లు కిటకిటలాడాయి, మెకానిక్కులకి తీరిక లేదు, చీరల షాపులో చిల్లర అడిగితే నామోషీ!

కానీ మా షెడ్డు? 2004 దీపావళికి బోనసిచ్చాం. సంక్రాంతికి నలుగురు టైలర్లలో ఇద్దరు రాలేదు. ఒకడు లారీ క్లీనరు, ఇంకొకడు వేబ్రిడ్జి దగ్గర. "అన్నా, ఇక్కడ వారమంతా తొక్కితే వచ్చేది అక్కడ రెండు ట్రిప్పులకొస్తాంది" అన్నారు. నిజమే కదా! పీసుకి రెండు రూపాయలు పెంచాం. షెడ్డు అద్దె డబులైంది. మరి ప్యాంటు రేటు పెంచగలమా? మా ప్యాంటు అమ్ముడుపోయేది బళ్లారిలో కాదు, ఊరూరా సంతల్లో, బస్టాండు కొట్లలో. అక్కడి కొట్టువాడికి మా ఊరి గనులతో ఏం పని? "ఐదు రూపాయలెక్కువైతే వేరే ఊరి సరుకు తెచ్చుకుంటా" అన్నాడు. 2008కి మా ఎనిమిది మెషీన్లలో తిరిగేవి మూడు. దారాలు కత్తిరించే పన్నెండిళ్లలో నాలుగిళ్లకి కూడా పని చాల్లేదు.

అప్పట్లో ఇది మా దురదృష్టమే అనుకున్నాను. దీనికి ఒక పేరుందని ఈమధ్యే మా అమ్మాయి చెప్పింది. పేరు ‘డచ్ జబ్బు’! 1959లో నెదర్లాండ్స్ దేశంలో గ్రోనింగెన్ అనే చోట బోలెడు గ్యాస్ దొరికింది. ఎగుమతులతో డబ్బే డబ్బు. దాంతో ఆ దేశపు కరెన్సీ విలువ పెరిగి, వాళ్ల ఫ్యాక్టరీ సరుకులు పరాయి దేశాలకి ఖరీదైపోయాయి. గ్యాస్ బాగుపడింది, ఫ్యాక్టరీలు చిక్కిపోయాయి. 1977లో ‘ది ఎకనమిస్ట్’ పత్రిక ఆ పేరు పెట్టిందట. దేశమైతే కరెన్సీ పెరుగుతుంది. బళ్లారికి వేరే నోటు లేదు కాబట్టి మా దగ్గర అద్దె, కూలి పెరిగాయి. జబ్బు అదే.

ఇంకో మాట కూడా చెప్పింది. మైకేల్ రాస్ అనే అమెరికా ప్రొఫెసర్ 2008లో చమురు దేశాల ఆడవాళ్ల గురించి ఒక వ్యాసం రాశాడట. చమురు డబ్బొచ్చిన చోట ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే బట్టల ఫ్యాక్టరీల్లాంటివి నిలదొక్కుకోవడం కష్టం, పైగా మగవాళ్ల సంపాదన పెరిగి ‘నువ్వెందుకు పనికెళ్లడం’ అనే మాటొస్తుంది అని. ఆయనతో అందరూ ఒప్పుకోలేదు లెండి. మా ఇంట్లో మాత్రం ఆ రెండో మాట అక్షరాలా వినబడింది. మా మరిదే అన్నాడు, "వదినా, ఈ రెండు రూపాయల దారాల పని ఇంకెన్నాళ్లు? లారీ కొంటే నువ్వు కాలు మీద కాలేసుకోని కూసోవచ్చు."

ఆరు గాజులు

అలా 2007లో నా ఆరు గాజులూ, మా తోడికోడలి గొలుసూ కలిపి మార్జిన్ కట్టాం. మిగతాది ఫైనాన్సు. షూరిటీ సంతకం మా ఆయనది. టిప్పరుకి ముందు నిమ్మకాయలు కట్టి, దండేసి, ఫోటో దిగాం. ఆ ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

ఏడాది బాగా నడిచింది. వాయిదాలు కట్టగా మిగిలింది. 2008 చివర్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చి ఖనిజం రేటు మూడో వంతుకి పడింది. మూడు నెలలు వాయిదా తప్పింది. మళ్లీ లేచింది. ‘చూశావా, ఏం కాలేదు’ అన్నాడు మా మరిది. నేనూ అలాగే అనుకున్నాను. రేటు చైనాలో పడితే మా వంటింట్లో నూనె తగ్గుతోందని అర్థమయ్యాక కూడా, ఆ తాడు మన చేతిలో లేదన్న భయం ఎందుకో రాలేదు. పేపర్లో మొదటి పేజీ చదివే అలవాటు లేని అత్తమ్మ కూడా ‘ఈరోజు ఫైన్సు రేటెంతరా?’ అని అడగడం నేర్చుకుంది.

2010 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఇనుప ఖనిజం ఎగుమతులు నిలిపేసింది. 2011 జూలైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. అదే నెల 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకం మొత్తం ఆపేయమంది. ఆపాల్సిందే, కొండలు కరిగిపోతుంటే ఎవరో ఒకరు ఆపాలి కదా! నాకు కోర్టు మీద కోపం లేదు. కానీ గనులు ఆగినా ఫైనాన్సు వాయిదా ఆగదు. లారీలు రోడ్ల పక్కన బారులు తీరి నిలబడ్డాయి. టైర్ల మీద ఎర్రమట్టి ఎండి పెచ్చులు రాలింది. 2012 ఫిబ్రవరిలో మా టిప్పరు పట్టుకుపోయారు. వేలంలో వచ్చింది బాకీకి చాల్లేదు, మిగతాదానికి షూరిటీ పడ్డాయన మా ఆయనే కదా. ఐదు మెషీన్లు అమ్మి కట్టాం. గాజులు వడ్డీలో మునిగిపోయాయి. తోడికోడలు రెండేళ్లు నాతో మాట్లాడలేదు, నేనే ఒప్పించానని. నిజానికి నేనే ఒప్పించాను.

బ్రోకరు గది ఖాళీ చేసి పోయాడు, మూణ్నెల్ల అద్దె బాకీతో. మూడు వేల గదికి వెయ్యి ఇస్తామన్నవాళ్లూ లేరు. హోటళ్లలో పనివాళ్లని తీసేశారు. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలున్న ఇళ్లు కొంచెం నిలబడ్డాయి. ఖనిజం రేవుకి పోకుండా ఇక్కడే ఉక్కయితే ఎంత తేడానో అప్పుడు తెలిసింది. అలాంటి ఇళ్లు మా వీధిలో రెండే.

మగవాళ్లు ఆ ఏడాదంతా టీ కొట్టు దగ్గర ‘ఎప్పుడు తెరుస్తారో’ అని కూర్చున్నారు. ఇల్లు గడవాలి కదా! వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చారు. "అక్కా, దారాల పని ఏమన్నా ఉందా?" మిగిలింది మూడు మెషీన్లు. సంతల కొట్లవాళ్లు వేరే ఊళ్లకి అలవాటు పడిపోయారు. పాత నోటుబుక్కు తీసి ఒక్కో కొట్టుకీ నేనే ఫోన్లు చేశాను. సగం మంది గుర్తుపట్టలేదు. పోయిన టైలర్లలో ఒకడే తిరిగొచ్చాడు, చెయ్యి మొద్దుబారిపోయి నెలంతా సూదులు విరిచాడు. ఏడేళ్లలో పోగొట్టుకున్న గిరాకీ రాబట్టడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. ఇప్పుడు ఆరు మెషీన్లు. లంబాడీ అక్క కూతురు, తొమ్మిదేళ్లప్పుడు రాళ్లేరిన ఆ పిల్లే, మా దగ్గర కాజా మెషీను తొక్కుతుంది. అక్షరాలు రావు, కానీ లెక్కలో ఒక్క బటను తప్పదు. వాళ్ల సండూరు లంబాడీ కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అద్దాల కుట్టు వాళ్లమ్మకొచ్చు, రాళ్లేరే కాలంలో ఈ పిల్లకి నేర్పే తీరికే దొరకలేదు.

వాడి మాటా నిజమే

మరిది కొడుకు తెలివితక్కువవాడేం కాదు. వాడి వాదన వాడికుంది. 2012 నుంచీ గనులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు మరీ ఘోరంగా తవ్విన లీజుల్ని రద్దు చేసి, మిగతావాటికి ఏడాదికింత అని హద్దు పెట్టింది. 2022లో బళ్లారి వైపు ఆ హద్దుని మూడున్నర కోట్ల టన్నులకి పెంచింది. "అప్పటిలా దొంగలోడు లేదు పెద్దమ్మా, లారీకి జీపీఎస్ ఉంటుంది, అంతా లెక్క ప్రకారం" అంటాడు. ఒప్పుకుంటాను.

కానీ నా లెక్కలు కొన్ని ఉన్నాయి. 2022 మే 20న సుప్రీంకోర్టు ఎగుమతులకి తలుపు తీసింది. మర్నాడే కేంద్రం ఎగుమతి సుంకాన్ని యాభై శాతానికి పెంచింది! ఆ నవంబర్లో మళ్లీ తగ్గించింది. మంచో చెడో, ఆ మధ్యలో వాయిదా కట్టాల్సిన తేదీలు ఆరు వచ్చిపోయి ఉంటాయి. ఇంకోటి, గని నుంచి ఫ్యాక్టరీకి కన్వేయర్ బెల్టు మీద ఖనిజం పంపే ఏర్పాట్లొచ్చాయి. దుమ్ము తగ్గుతుంది, మంచిదే. బెల్టుకి డ్రైవరక్కర్లేదు, టిప్పరు అసలే అక్కర్లేదు.

ఆఫ్రికా దేశాల్లో గనుల చుట్టుపక్కల ఊళ్ల మీద ఒక పరిశోధన 2016లో వచ్చిందని కూడా మా అమ్మాయి చదివి చెప్పింది. గని తెరిస్తే చుట్టుపక్కల ఆడవాళ్లు పొలం పని వదిలి చిన్నాచితకా సేవల పనుల్లోకి పోతారు, లేదంటే పనే మానేస్తారు. గనులు తెరిచీ మూసీ ఆటుపోట్లొచ్చాక కూడా ఆడవాళ్ల పని మీద ఆ దెబ్బ శాశ్వతంగా మిగిలిపోతుందట. మా వీధిని ఎవరో దూరం నుంచి చూసి రాసినట్టే ఉంది.

వాడికి పని కావాలి, అది నాకూ తెలుసు. ఐటీఐ చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల బాగుకోసం కోర్టు పక్కన పెట్టించిన నిధి వేల కోట్లలో ఉందని వింటున్నాం. అందులోంచి ఇలాంటి పిల్లలకి ఒక పని, ఆ లంబాడీ పిల్లకి నాలుగక్షరాలు వచ్చే దారి ఉంటే నేనీ గాజుల గురించి తల బద్దలుకొట్టుకునే అవసరం ఉండేది కాదు. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటున్నాడు, అంటే ఇవ్వొద్దని. తోడికోడలు నిన్న ఫోన్ చేసి, "అక్కా, వాడు నిన్నేమన్నా అడిగినాడా?" అంది. అడిగాడన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నన్నూ అడిగినాడు" అని పెట్టేసింది.

ఆరు గాజులు పోయాక, పన్నెండేళ్లలో నాలుగు చేయించుకున్నాను. రేపే ఆదివారం. ఉతుకు యూనిట్ ఆయన ముసలివాడైపోయాడు, మెషీన్లు చూసుకునే కుర్రాడు కావాలని పోయిన నెల నన్నడిగాడు. జీతం టిప్పరంత రాదు. వాడికి ఆ మాట ముందు చెప్పి చూస్తాను. ముఖం మాడ్చుకుంటాడని తెలుసు. ఉప్మా కాకుండా పూరీలు చేస్తున్నాను.